పాస్‌వర్డ్ మార్చేశాం... దొంగ మాత్రం లోపలే ఉన్నాడు!

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పెద్దది. కానీ మధ్యలో వదిలేయకండి, ఎందుకంటే ఇది నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది. సెక్యూరిటీ వాళ్లు సాధారణంగా పక్కవాళ్ల తప్పులే చెప్తారు. నేను నాది చెప్తాను.

అప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీ సెక్యూరిటీ టీమ్‌లో ఉన్నా. మా పని ఏంటంటే, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ డ్యూటీ లాంటిదే. కాకపోతే గేటు దగ్గర కూర్చోం, స్క్రీన్ ముందు కూర్చుంటాం. ఏ కంప్యూటర్‌లో ఏం జరుగుతోందో అలర్ట్‌లు వస్తుంటాయి, ఒక్కొక్కటీ చూసి టికెట్ క్లోజ్ చేయాలి. ఒక మంగళవారం సాయంత్రం ఒక అలర్ట్ వచ్చింది. సపోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరిన ఒక కుర్రాడి ల్యాప్‌టాప్. "మాల్‌వేర్ దొరికింది, క్వారంటైన్ చేశాం" అని ఉంది. పక్కన ఆకుపచ్చ టిక్ మార్క్.

ఆ టిక్ చూసి నాకు ప్రశాంతంగా అనిపించింది. అయినా అతనికి ఫోన్ చేశా. "ఏం ఓపెన్ చేశావు తమ్ముడూ?" అంటే, "ఏం లేదన్నా, దానంతట అదే వచ్చింది" అన్నాడు. గొంతులో భయం తెలుస్తోంది. నేను పెద్దగా తవ్వలేదు. అతని పాస్‌వర్డ్ మార్పించా, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించా, టికెట్ క్లోజ్. మొత్తం 40 నిమిషాలు. పుస్తకంలో చెప్పినట్టే చేశాననుకున్నా.

శనివారం అర్ధరాత్రి దాటాక, ఆ కుర్రాడి పేరు మీదే ఎవరో మా కస్టమర్ టికెట్ల టూల్‌లోకి వచ్చారు. పాస్‌వర్డ్ అడగలేదు. ఫోన్‌కి ఓటీపీ రాలేదు. ఒక కస్టమర్‌తో నడుస్తున్న పాత సంభాషణ తెరిచి, దాని కిందే "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఇక నుంచి పేమెంట్ దీనికి పంపండి" అని రాశారు. మన భాషే, మన సంతకమే, మన టికెట్ నంబరే.

మరి పాస్‌వర్డ్ మార్చాం కదా, ల్యాప్‌టాప్ తుడిచేశాం కదా, ఎలా వచ్చాడు? ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబే.

దొంగిలించేది పాస్‌వర్డ్ ఒక్కటే కాదు

మీరు ఏదైనా ఐటీ పార్కుకి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. గేటు దగ్గర ఆధార్ చూపిస్తారు, ఫోన్ నంబర్ చెప్తారు, ఫొటో తీస్తారు. అన్నీ అయ్యాక మెడలో వేసుకోడానికి ఒక విజిటర్ పాస్ ఇస్తారు. ఆ తర్వాత లోపల ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ఆధార్ ఎవరూ అడగరు, పాస్ చూసి పంపించేస్తారు. అవునా?

మీ పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ గేటు దగ్గర చూపించే ఆధార్ లాంటివి. లాగిన్ అయ్యాక వెబ్‌సైట్ మీ బ్రౌజర్‌కి ఇచ్చే సెషన్ కుకీ ఆ విజిటర్ పాస్. మీరు పొద్దున ఒకసారి లాగిన్ అయితే సాయంత్రం దాకా మళ్లీ అడగకపోవడానికి కారణం అదే. ఇప్పుడు ఎవరైనా ఆ పాస్ కొట్టేసి మెడలో వేసుకుంటే? వాడికి మీ ఆధార్‌తో పనేంటి? మీరు ఇంటికెళ్లి ఆధార్‌లో ఫొటో మార్చుకున్నా వాడి మెడలో పాస్ పనిచేస్తూనే ఉంటుంది. పాస్‌ని క్యాన్సిల్ చేస్తేనే ఆగుతుంది.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఆధార్ మార్చా, పాస్ క్యాన్సిల్ చేయలేదు. మా కంపెనీ మెయిన్ లాగిన్‌లో పాస్‌వర్డ్ మారింది. కానీ టికెట్ల టూల్ వేరే కంపెనీది, దానికి దాని సొంత కుకీ ఉంది, అది చాలా రోజులు చెల్లుతుంది. దాన్ని ఎవరూ లాగౌట్ చేయలేదు.

సో, ఆఫీస్ కంప్యూటర్లలో దొంగలు వెతికే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి విండోస్ మెమరీ. రెండోది బ్రౌజర్. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి చోటు: విండోస్ మెమరీ

విండోస్‌లో ఎల్‌సాస్ అని ఒక ప్రాసెస్ ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే మీకూ కనిపిస్తుంది. మీరు లాగిన్ అయినప్పుడు మీరెవరో సరిచూసేది అదే. ఆ తర్వాత ఆఫీస్ నెట్‌వర్క్‌లో ప్రింటర్, షేర్డ్ ఫోల్డర్ ఇలా ఏది తెరిచినా మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండాలంటే, మీకు సంబంధించిన రహస్యాలు కొన్ని దాని మెమరీలో పెట్టుకోవాలి.

2011లో ఫ్రాన్స్‌కి చెందిన బెంజమిన్ డెల్పీ అనే అతను, ఆ మెమరీలోంచి పాస్‌వర్డ్‌ని మామూలు అక్షరాల్లో బయటకి తీయొచ్చని చూశాడు. మైక్రోసాఫ్ట్‌కి చెప్పాడు. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే అది చేయాలంటే దొంగ అప్పటికే ఆ కంప్యూటర్‌ని గుప్పిట్లో పెట్టుకుని ఉండాలి కదా అని వాళ్ల వాదన. ఇది నిజమే, కానీ సమస్య చూపించడానికి అతను మిమీక్యాట్జ్ అనే టూల్ విడుదల చేశాడు. ఆ తర్వాత అది పెన్ టెస్టర్లకీ, దొంగలకీ కూడా ఇష్టమైన పనిముట్టు అయిపోయింది. 2013లో వచ్చిన విండోస్ 8.1 నుంచి పాస్‌వర్డ్‌ని అలా ఉంచడం డిఫాల్ట్‌గా ఆపేశారు. అయినా హ్యాష్‌లు, కెర్బెరోస్ టికెట్లు మెమరీలో ఉంటాయి. హ్యాష్ అంటే తాళంచెవిని సబ్బు మీద అద్దిన అచ్చు అనుకోండి. చెవి లేకపోయినా అచ్చు చాలు, వేరే తలుపు తీయడానికి.

ఒక కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ పోతే ఏమవుతుందిలే అనుకోకండి. 2017 జూన్ 27న యుక్రెయిన్‌లో నాట్‌పెట్యా మొదలైంది. అక్కడ కంపెనీలు వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా లోపలికొచ్చింది. మిమీక్యాట్జ్ పద్ధతిలోనే మెమరీలోంచి లాగిన్ వివరాలు తీసుకుని, వాటితో పక్క కంప్యూటర్‌కి, దాన్నుంచి ఇంకో దానికి పాకింది. అప్‌డేట్లు పక్కాగా ఉన్న కంప్యూటర్లు కూడా పడిపోయాయి. ఎందుకంటే అది తలుపు పగలగొట్టట్లేదు, అసలు తాళంచెవితోనే తీస్తోంది.

షిప్పింగ్ కంపెనీ మేర్స్క్ ఆ దెబ్బకి 45,000 కంప్యూటర్లు, 4,000 సర్వర్లు మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీయే చెప్పింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఎవరు ఎవరో చెప్పే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ప్రపంచమంతా పోతే, ఘానాలో ఒకటి మాత్రం బతికింది. ఎలా? అక్కడ ఆ టైంకి కరెంటు పోయింది! కరెంటు పోతే మనం తిట్టుకుంటాం, అక్కడ అదే కంపెనీని కాపాడింది.

రెండో చోటు: బ్రౌజర్

మన కుర్రాడి కేసు ఇది. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నదీ ఇదే. వీటిని ఇన్ఫోస్టీలర్లు అంటారు. రెడ్‌లైన్, లుమ్మా లాంటి పేర్లు వినే ఉంటారు. ఇవి కంప్యూటర్‌లోకి రాగానే బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, ఆటోఫిల్ వివరాలు, క్రిప్టో వాలెట్లు అన్నీ ఒక మూట కట్టి బయటకి పంపేస్తాయి. నిమిషాల్లో పని. చాలా వాటికి కంప్యూటర్‌లో ఉండిపోయే ఉద్దేశం కూడా ఉండదు. మూట వెళ్లిపోయాక అవి కూడా వెళ్లిపోతాయి. ఆ మూటని లాగ్ అంటారు, చీకటి మార్కెట్లో అమ్ముతారు. కొట్టేసేవాడు ఒకడు, కొనేవాడు ఇంకొకడు. అందుకే మన దగ్గర మంగళవారం పోయింది, శనివారం వాడారు.

2025 మేలో మైక్రోసాఫ్ట్, అమెరికా న్యాయశాఖ కలిసి లుమ్మా సర్వర్ల మీద దెబ్బ కొట్టినప్పుడు, అంతకుముందు రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,94,000కి పైగా విండోస్ కంప్యూటర్లలో అది కనిపించిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

ఎలా వస్తుంది? క్రాక్ సాఫ్ట్‌వేర్, గేమ్ చీట్లు, నకిలీ అప్‌డేట్లు... ఇవి పాతవి. కొత్తది ఒకటి ఉంది, బాగా గుర్తుపెట్టుకోండి. ఒక వెబ్‌సైట్ తెరిస్తే "మీరు రోబో కాదని నిరూపించండి" అని వస్తుంది. బొమ్మల్లో బస్సులు చూపించమని అడగదు. "విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్" అంటుంది. మీకు తెలియకుండా ఆ పేజీ అప్పటికే ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డ్‌లో పెట్టేసింది. మీ చేత్తో మీరే దాన్ని రన్ చేస్తారు. నిజమైన క్యాప్చా ఏదీ, ఎప్పుడూ మిమ్మల్ని రన్ బాక్స్ తెరవమని అడగదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూ.

మా కుర్రాడు ఉచిత పీడీఎఫ్ ఎడిటర్ కోసం వెతుకుతూ అదే చేశాడు. తర్వాత లాగ్‌లు చూస్తే తెలిసింది, కమాండ్ రన్ అయిన 9 నిమిషాలకి యాంటీవైరస్ ఫైల్‌ని పట్టుకుంది. 9 నిమిషాలు! అప్పటికే మూట వెళ్లిపోయింది. ఆ ఆకుపచ్చ టిక్‌కి అర్థం "దొంగని పట్టుకున్నాం" అని కాదు, "దొంగ పారేసిన సంచి దొరికింది" అని.

పెద్ద కంపెనీలకి జరగలేదా అంటే...

సర్కిల్‌సీఐ అని సాఫ్ట్‌వేర్ డెవలపర్లు వాడే కంపెనీ. 2022 డిసెంబర్ 16న వాళ్ల ఇంజనీర్ ఒకరి ల్యాప్‌టాప్‌లో మాల్‌వేర్ చేరింది. యాంటీవైరస్ పట్టుకోలేదు. టూ ఫ్యాక్టర్ దాటి లాగిన్ అయి ఉన్న సెషన్ కుకీనే ఎత్తుకెళ్లారు. కంపెనీకి తెలిసింది ఎప్పుడు? డిసెంబర్ 29న, అదీ ఒక కస్టమర్ "ఏదో తేడాగా ఉంది" అని చెప్తే. 2023 జనవరి 4న కస్టమర్లందరికీ "మా దగ్గర దాచిన మీ రహస్య కీలన్నీ మార్చుకోండి" అని చెప్పాల్సి వచ్చింది.

2024లో స్నోఫ్లేక్ కస్టమర్ల కథ. సుమారు 165 సంస్థలకి హెచ్చరికలు వెళ్లాయి. పరిశోధించిన మ్యాండియంట్ చెప్పిందేంటంటే, దొంగలు వాడిన పాస్‌వర్డ్‌లు ఇన్ఫోస్టీలర్ల ద్వారా బయటపడ్డవే, కొన్ని 2020 నాటివి. నాలుగేళ్లు వాటిని ఎవరూ మార్చలేదు, ఎంఎఫ్ఏ లేదు. కొన్ని ఎక్కడి నుంచి పోయాయో తెలుసా? కాంట్రాక్టర్ల కంప్యూటర్ల నుంచి. వాటిల్లోనే ఆఫీస్ పని, వాటిల్లోనే గేమ్స్, పైరేటెడ్ సాఫ్ట్‌వేర్.

ఇక్కడ మీకో ప్రశ్న. ఆఫీస్ ల్యాప్‌టాప్ క్రోమ్‌లో మీ పర్సనల్ జీమెయిల్‌తో సైన్ ఇన్ అయి, సింక్ ఆన్ చేశారా? అయితే ఆఫీస్ పాస్‌వర్డ్‌లు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి కూడా వెళ్లిపోతాయి. అక్కడ మీ తమ్ముడు గేమ్ చీట్ డౌన్‌లోడ్ చేస్తే, పోయేది మీ ఆఫీస్ లాగిన్. ఆఫీస్ సెక్యూరిటీ టీమ్‌కి ఆ ఇంటి కంప్యూటర్ కనిపించదు కూడా.

పట్టుకోవడం ఎలా?

ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునేవాళ్లు ఇక్కడ నోట్ చేసుకోండి. ఫైల్ పేరు చూసి పట్టుకోవాలనుకుంటే ఓడిపోతాం. మిమీక్యాట్జ్ పేరు మార్చి నోట్‌ప్యాడ్ అని పెట్టడానికి ఒక సెకను చాలు. పేరు కాదు, ప్రవర్తన చూడాలి.

మొదటిది, ఎల్‌సాస్ మెమరీని ఎవరు తాకుతున్నారు? మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌మాన్ అని ఉచిత టూల్ ఉంది. ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని తెరిచినప్పుడు దాంట్లో ఈవెంట్ ఐడీ 10 నమోదవుతుంది. టార్గెట్ ఎల్‌సాస్ అయ్యి, తెరిచింది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఉన్న ప్రోగ్రామ్ అయితే, టీ పక్కన పెట్టి లేవాల్సిందే. అయితే యాంటీవైరస్ కూడా తన పని కోసం ఎల్‌సాస్‌ని తాకుతుంది. కాబట్టి మొదటి వారం అలర్ట్‌ల వాన కురుస్తుంది. అప్పుడు చాలామంది చేసే తప్పు ఏంటంటే, ప్రోగ్రామ్ పేరు చూసి మినహాయింపు ఇచ్చేయడం. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరి డిజిటల్ సంతకం ఉంది, రెండూ సరిపోతేనే మినహాయించాలి.

ఇంకో విషయం, దొంగలు ఎప్పుడూ కొత్త టూల్ తెచ్చుకోరు. విండోస్‌లోనే ఉన్న పనిముట్లతోనే ఎల్‌సాస్ మెమరీని ఒక డంప్ ఫైల్‌గా రాసేసి తీసుకెళ్తారు. ఆ ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే ఉంటుంది, యాంటీవైరస్‌కి అనుమానం రాదు. అందుకే ఏ ప్రోగ్రామ్ అన్నది కాకుండా, ఏ కమాండ్‌తో నడిచింది, దాన్ని ఎవరు స్టార్ట్ చేశారు అని చూడాలి. వర్డ్ డాక్యుమెంట్ లోంచి పవర్‌షెల్ ఎందుకు పుట్టింది? అకౌంట్స్ సెక్షన్ వాళ్ల కంప్యూటర్‌లో మెమరీ డంప్‌తో పనేంటి? ఇలా అడగాలి.

రెండోది, బ్రౌజర్ ఫైళ్లు. క్రోమ్ పాస్‌వర్డ్‌లు, కుకీలు దాచుకునే ఫైళ్లని క్రోమ్ చదవడం మామూలే. క్రోమ్ కాని ఇంకో ప్రోగ్రామ్ చదివితే? వెంటనే అది తెలియని సర్వర్‌కి డేటా పంపితే? అది దాదాపు ఇన్ఫోస్టీలరే. 2024 జులైలో వచ్చిన క్రోమ్ 127 నుంచి విండోస్‌లో కుకీలకి అదనపు తాళం వేశారు. కొన్ని నెలల్లోనే స్టీలర్ల వాళ్లు దాన్ని దాటే దారులు వెతుక్కున్నారు. అది ఎలుకా పిల్లీ ఆట, సాగుతూనే ఉంటుంది. ఇందాక చెప్పిన రన్ బాక్స్ మోసం కూడా ఆనవాలు వదులుతుంది. రన్ బాక్స్‌లో ఏం టైప్ చేశారో విండోస్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది. మా కుర్రాడి కమాండ్ కూడా అందులో ఉండేది. నేను ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించేశా కాబట్టి, ఆ సాక్ష్యం నా చేత్తోనే చెరిపేసుకున్నా. 9 నిమిషాల లెక్క సెంట్రల్ సర్వర్‌కి చేరిన లాగ్‌ల వల్ల దొరికింది, నా తెలివి వల్ల కాదు.

మూడోది, లాగిన్ల తీరు. అదే సెషన్ పొద్దున హైదరాబాద్‌లో, గంట తర్వాత వేరే దేశంలో కనిపిస్తే అనుమానించాలి. వీపీఎన్ వల్ల కూడా అలా కనిపించొచ్చు, కాబట్టి మనిషికి ఫోన్ చేసి కనుక్కోవాలి. కొత్త ఫోన్‌ని ఓటీపీ కోసం జతచేయడం, మెయిల్‌లో కొత్త ఫార్వర్డింగ్ రూల్ పుట్టడం, ఒక ఉద్యోగి కంప్యూటర్ నుంచి ఇరవై మంది కంప్యూటర్లకి లాగిన్ ప్రయత్నాలు, ఇవన్నీ గంట కొట్టాల్సిన గుర్తులు.

నాలుగోది నాకు బాగా ఇష్టం. ఎర! అసలు ఎవరూ వాడని ఒక దొంగ అకౌంట్ తయారుచేసి, దాని వివరాలు దొంగలకి దొరికేలా వదిలేయాలి. నిజమైన ఉద్యోగి దాన్ని ఎప్పటికీ వాడడు. ఎవరైనా దాంతో లాగిన్ అవ్వబోయారంటే లోపల ఎవరో ఉన్నట్టే. చిన్న కంపెనీ కూడా రూపాయి ఖర్చు లేకుండా చేయొచ్చు.

దొరికాక ఏం చేయాలి? వరుస ముఖ్యం

ఒకటి, ఆ కంప్యూటర్‌ని నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి. కానీ షట్‌డౌన్ చేయొద్దు. షట్‌డౌన్ చేస్తే మెమరీలో ఉన్న సాక్ష్యం పోతుంది.

రెండు, ఆ మనిషి అకౌంట్‌ని కాసేపు బ్లాక్ చేయండి. తర్వాత శుభ్రమైన వేరే డివైస్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. వెంటనే అన్ని సెషన్లూ రద్దు చేయండి. అన్నీ అంటే మెయిన్ లాగిన్ ఒక్కటే కాదు, దాని ద్వారా తెరుచుకునే ప్రతి టూల్‌లోనూ. నేను వదిలేసింది ఈ లైనే. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని సిస్టమ్స్‌లో సెషన్ రద్దు చేసినా అప్పటికే ఇచ్చిన టోకెన్ సుమారు గంట దాకా చెల్లుతుంది. ఆ గంట కళ్లు స్క్రీన్ మీదే ఉండాలి.

మూడు, దొంగ తనకోసం ఏమైనా వెనక తలుపు పెట్టుకున్నాడా చూడండి. కొత్తగా జతచేసిన ఓటీపీ ఫోన్, మెయిల్ ఫార్వర్డింగ్ రూల్స్, పర్మిషన్ ఇచ్చిన కొత్త యాప్‌లు.

నాలుగు, ఆ కంప్యూటర్‌లో ఇంకెవరి రహస్యాలు ఉన్నాయి? పోయిన నెల ప్రింటర్ బాగుచేయడానికి వచ్చిన ఐటీ అడ్మిన్ తన అకౌంట్‌తో లాగిన్ అయ్యాడా? డెవలపర్ అయితే క్లౌడ్ కీలు, ఎస్ఎస్‌హెచ్ కీలు ఫైళ్లలో ఉన్నాయా? వాటన్నిటినీ మార్చాలి. దొంగ డొమైన్ కంట్రోలర్ దాకా వెళ్లాడని తేలితే అది వేరే స్థాయి. అక్కడ టికెట్లన్నిటికీ ముద్ర వేసే ఒక ప్రత్యేక అకౌంట్ ఉంటుంది, దాని పాస్‌వర్డ్‌ని రెండుసార్లు మార్చాలి. పాత పాస్‌వర్డ్‌ని కూడా అది గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఒక్కసారి సరిపోదు.

ఐదు, అదే ఫైల్, అదే సర్వర్ అడ్రస్ ఇంకెన్ని కంప్యూటర్లలో ఉందో వెతకండి. ఒకరు పడ్డారంటే ఇంకొకరు పడి ఉండొచ్చు, భయంతో చెప్పి ఉండకపోవచ్చు. ఇవన్నీ అయ్యాకే ఫార్మాట్.

మన దేశంలో ఇంకోటి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి రిపోర్ట్ చేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. "రేపు పొద్దున చూద్దాంలే" అనడానికి లేదు.

ముందు జాగ్రత్తలు కూడా చెప్పేస్తా. విండోస్‌లో ఎల్‌సాస్‌కి రక్షణ కల్పించే సెట్టింగ్ ఉంది, రహస్యాలని వేరే గదిలో పెట్టే క్రెడెన్షియల్ గార్డ్ ఉంది, డిఫెండర్‌లో ఎల్‌సాస్ దొంగతనాన్ని ఆపే రూల్ ఉంది. ఆన్ చేసుకోవడమే. ప్రతి కంప్యూటర్‌కీ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరేగా ఉండాలి, దానికి ల్యాప్స్ అనే ఉచిత టూల్ ఉంది. ఒకే తాళంచెవి కాలనీ మొత్తానికి పనిచేస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు కదా. పాస్‌కీలు వాడితే ఫిషింగ్‌కి గట్టి అడ్డు, తప్పకుండా వాడండి. కానీ కంప్యూటరే ఇన్ఫెక్ట్ అయితే కుకీ దొంగతనాన్ని పాస్‌కీ ఆపలేదు. ఇది కూడా తెలిసి ఉండాలి.

మీ ఫోన్ సంగతి

"నేను సెక్యూరిటీ వాడిని కాదు, నాకెందుకు" అనుకునేవాళ్లకి ఇది. మీ చేతిలో ఉన్న ఫోనే ఆఫీసుకి రెండో తాళంచెవి. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌కి జరిగింది చూడండి. ఒక కాంట్రాక్టర్ పర్సనల్ డివైస్‌లో మాల్‌వేర్ చేరి పాస్‌వర్డ్ బయటికి పోయిందని, దొంగ దాన్ని డార్క్ వెబ్‌లో కొని ఉండొచ్చని కంపెనీ చెప్పింది. టూ ఫ్యాక్టర్ ఉంది కాబట్టి మొదట ఆగాడు. కానీ మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. ప్రతిసారీ ఆ కాంట్రాక్టర్ ఫోన్‌కి "అప్రూవ్ చేయాలా?" అని రిక్వెస్ట్. చివరికి ఒకసారి అప్రూవ్ నొక్కేశాడు. అయిపోయింది. మీరు లాగిన్ అవ్వకుండా అప్రూవల్ వచ్చిందంటే, మీ పాస్‌వర్డ్ ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉందని అర్థం. విసుగొచ్చి నొక్కకండి. రిజెక్ట్ కొట్టి, ఆఫీసుకి ఫోన్ చేయండి.

పొరపాటున మీరే ఏదైనా రన్ చేశారనుకోండి. ఆ కంప్యూటర్‌లో ఇంకేం లాగిన్ అవ్వొద్దు. నెట్ ఆపేసి వెంటనే ఐటీ వాళ్లకి చెప్పండి. మీ సొంత అకౌంట్లు అందులో ఉంటే ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మార్చి, గూగుల్‌లో మీ డివైసుల లిస్ట్ చూసి తెలియనివి సైన్ అవుట్ చేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. డబ్బు పోతే 1930కి కాల్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఆ శనివారం ఏమైంది?

కస్టమర్ కంపెనీలో అకౌంట్స్ చూసే ఒక మేడం ఉన్నారు. అకౌంట్ మారిందన్న మెసేజ్ సోమవారం పొద్దున చూశారు. టికెట్‌లో రిప్లై ఇవ్వలేదు. తన దగ్గరున్న పాత ఫోన్ నంబర్‌కి కాల్ చేసి, "బ్యాంక్ నిజంగా మార్చారా అండీ?" అని అడిగారు. అంతే. అలర్ట్ కాదు, టూల్ కాదు, నేను కాదు. ఆవిడ కాల్ పట్టుకుంది. రూపాయి పోలేదు. కానీ రెండు రోజులు మా కస్టమర్ల సంభాషణలు ఎవడో చదివాడు, అది వెనక్కి రాదు.

మీటింగ్‌లో అందరూ ఆ కుర్రాడి వైపే చూశారు. తీసేయాలన్న మాట కూడా వచ్చింది. అతను అప్పుడు చెప్పాడు, "మంగళవారమే చెప్దామనుకున్నా అన్నా, జాబ్ పోతుందని భయపడ్డా" అని. అతను రన్ బాక్స్ సంగతి చెప్పి ఉంటే నేను కుకీల గురించి ఆలోచించేవాడినేమో. కానీ నేను అడిగిన తీరు ఎలా ఉంది? "ఏం ఓపెన్ చేశావు?" అని. పోలీస్ అడిగినట్టు. "ఏం జరిగినా పర్లేదు, నిజం చెప్తే తొందరగా సర్దుకోవచ్చు" అని ఒక్క మాట ముందు అనలేదు.

రిపోర్ట్‌లో మొదటి తప్పు అతనిది, రెండో తప్పు నాది అని రాశా. అతని ఉద్యోగం నిలబడింది, కానీ ప్రొబేషన్ 3 నెలలు పొడిగించారు. నాకు ఏం కాలేదు. తప్పుల్లో నాదే పెద్దది, ఎందుకంటే తెలిసి ఉండాల్సింది నాకు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచీ ఇలాంటి కేసు వచ్చినా నా మొదటి ఫోన్ కాల్ ఆ మాటతోనే మొదలవుతుంది.

చివరిగా, నేర్చుకుందామని ఉత్సాహంతో ఈ టూల్స్ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేయకండి, ఉద్యోగం పోతుంది. ఇంట్లో నెట్ కట్ చేసిన వర్చువల్ మెషిన్‌లో సిస్‌మాన్ ఇన్‌స్టాల్ చేసి, మామూలు రోజు ఎలా ఉంటుందో ముందు చూడండి. మామూలు ఏదో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఈ వీడియో అవ్వగానే రెండు పనులు చేయండి. ఆఫీస్ క్రోమ్‌లో పర్సనల్ సింక్ ఆపండి, గూగుల్‌లో మీ డివైసుల లిస్ట్ ఒకసారి చూడండి. తెలియని పేరు కనిపిస్తే సైన్ అవుట్ కొట్టండి. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఇది వాళ్లకి పంపండి, తిట్టకుండా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పాస్‌కీలు ఎలా పనిచేస్తాయో, ఫోన్ పోతే ఏం చేయాలో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి!